కుటుంబ వేదిక: మరచిన పాస్‌వర్డ్, కాయవలసిన ద్వారము



న్యాయాధిపతులు 12వ అధ్యాయములో యొర్దాను రేవులయొద్ద జరిగిన సంగతి మీరెరుగుదురు. గిలాదువారు అక్కడ కాపుండి, దాటగోరిన ప్రతివానిని "షిబ్బోలెతు" అని పలుకుమనిరి. ఎఫ్రాయిమీయులకు ఆ మాట సరిగా నోరు తిరుగలేదు, పట్టుబడిపోయిరి. అది అన్నదమ్ముల మధ్య జరిగిన దుఃఖకరమైన యుద్ధము. దానిని మెచ్చుకొనుటకు మేము ఎత్తుట లేదు. మాట తెలిసినవాడు లోపలికి, తెలియనివాడు వెలుపల అను పద్ధతి ఎంత పాతదో చూపుటకే ఎత్తుచున్నాము. ఈనాడు మన ఇండ్లలో గోడకు తగిలించిన చిన్న పెట్టె కూడ అట్టి మాటనే అడుగుచున్నది. దానినే మనము వై-ఫై పాస్‌వర్డ్ అనుచున్నాము.

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్‌గారు ఏ.పి. ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. అటుతరువాత అనేక పల్లెలలోనికి గాజుతీగ వచ్చెను. తీగ వచ్చినది గాని, దాని తాళము ఎట్లు కాయవలెనో చెప్పినవారు తక్కువ.

మేము దర్శించిన ఒక గ్రామములో ఒక తల్లి ఉన్నది. కుమారుడు కువైట్‌లో పని చేయుచున్నాడు. వెళ్లకముందు ఇంట వై-ఫై పెట్టించి, పాస్‌వర్డ్ తానే పెట్టి, ఎవరికిని చెప్పకుండ వెళ్లెను. ఆమె పాత ఫోను పాడై కొత్తది కొనగా అది పాస్‌వర్డ్ అడిగెను. పొరుగు కుర్రవాడొకడు సాయము చేయబోయి, పెట్టె వెనుకనున్న సన్నని రంధ్రములో పిన్నుతో నొక్కెను. నెట్టు పూర్తిగా పోయెను. రెండు ఆదివారములు ఆమె కొడుకు ముఖము చూడలేదు. తరువాత కనెక్షన్ మనిషి వచ్చి 1 నుండి 8 వరకు అంకెలు పెట్టి వెళ్లెను. వారము తిరుగకముందే వీధి వీధంతయు ఆ అంకెలు తెలిసికొనెను. ఇప్పుడు రాత్రి కొడుకు మాటలాడుచుండగా మధ్యలో బొమ్మ ఆగిపోవుచున్నది. "మార్చేద్దామంటే మాటొస్తుందేమో అయ్యగారూ. ఇవ్వకపోతే పాపమాండి?" అని ఆమె మమ్మునడిగెను.

ఈ నెల ఆమె ప్రశ్నకే జవాబు వ్రాయుచున్నాము. మొదట మరచిన మాటను తిరిగి పొందుట, పిమ్మట దానిని కాచుకొనుట, చివరకు పొరుగువాని సంగతి.

మరచిపోయినప్పుడు పిన్ను వెదకవద్దు. పెట్టెను, అనగా రూటర్‌ను, తిప్పి అడుగున చూడండి. అక్కడ అంటించిన కాగితముపై నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ అచ్చువేసి యుండును. ఎవరును మార్చకయుంటే అదే పనిచేయును.

మార్చియుంటే, ఇంటిలో ఇప్పటికే కలిసియున్న ఫోను ఒకటి ఉన్నదేమో చూడండి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 గాని, తరువాతివి గాని అయితే సెట్టింగ్స్‌లో వై-ఫైకి వెళ్లి, కలిసియున్న పేరు తాకి, షేర్ అనుదానిని తాకవలెను. వేలిముద్ర గాని ఫోను పిన్ గాని అడిగి, చతురస్రాకారపు క్యూఆర్ కోడ్ చూపును. చాలా ఫోన్లలో దాని క్రిందనే పాస్‌వర్డ్ అక్షరములును కనబడును. ఐఫోను అయితే 2022లో వచ్చిన ఐఓఎస్ 16 మొదలుకొని వై-ఫై పేరు ప్రక్కనున్న ఐ గుర్తు తాకి, పాస్‌వర్డ్ అనుచోట తాకిన యెడల చూపును. విండోస్ కంప్యూటరు కలిసియుంటే దాని వై-ఫై సెట్టింగ్స్‌లోను చూడవచ్చును.

మూడవ మార్గము రూటర్ లోపలి పేజీ. రూటర్‌కు కలిసియున్న ఫోను బ్రౌజరులో 192.168.1.1 అని గాని, 192.168.0.1 అని గాని కొట్టవలెను. మీ పెట్టెకు ఏది వర్తించునో సాధారణముగా అడుగు కాగితముపైనే వ్రాసియుండును. ఇక్కడ ఒక సంగతి గ్రహించవలెను: ఈ పేజీకి వేరే పాస్‌వర్డ్ ఉన్నది. వై-ఫై పాస్‌వర్డ్ వీధి తలుపు తాళమైతే, ఇది బీరువా తాళము. రెండును ఒకటి కావు, ఒకటిగా పెట్టకూడదు.

ఇవేవియు కుదరనప్పుడే ఆ సన్నని రంధ్రము. లోపలి మీటను సుమారు 10 సెకండ్లు నొక్కిపట్టగా పెట్టె కొత్తదానివలె అగును. అయితే పాస్‌వర్డ్‌తోపాటు, కనెక్షన్ వారు లోపల పెట్టిన యూజర్ పేరు మొదలైనవన్నియు తుడిచిపెట్టుకొని పోవచ్చును. పైన చెప్పిన తల్లి ఇంట జరిగినది ఇదే. కావున ముందు కనెక్షన్ వారికి ఫోను చేసి అడిగి, ఆ తరువాతనే నొక్కవలెను.

వై-ఫై పాస్‌వర్డ్‌లు కనిపెట్టి ఇచ్చెదమని చెప్పు యాప్‌లను దగ్గరకు రానీయవద్దు. వాటిలో అనేకములు ఇతరులు తమ ఫోన్లనుండి ఎక్కించిన పాస్‌వర్డ్‌లనే పంచిపెట్టును. మీ ఇంటిదియు అట్లే బజారున పడవచ్చును. మోసబుద్ధితో అనుమతి లేకుండ ఒకరి నెట్‌వర్క్‌లోనికి చొరబడుట, 2000 సంవత్సరపు ఐటీ చట్టము 66వ సెక్షను ప్రకారము మూడేండ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేక రెండును పడగల నేరము. మన యౌవనస్థులు దీనిని తెలివి అనుకొనరాదు.

ఇక కాచుకొనుట. దొంగ మన గుమ్మమునొద్ద నిలిచి ఒక్కొక్క మాటనే ప్రయత్నించునని అనుకొనవద్దు. ఇప్పుడు ఎక్కువగా వాడబడు డబ్ల్యు.పి.ఎ.2 పద్ధతిలో, ఫోను రూటర్‌తో కలిసికొను ఆ ఒక్క క్షణపు సంభాషణను వెలుపలినుండి పట్టుకొని పోవచ్చును. తరువాత తన ఇంట కూర్చుండి కంప్యూటరుచేత లక్షలాది మాటలను దానితో సరిచూడవచ్చును. కాబట్టి పొడవే బలము. పాస్‌వర్డ్ 8 అక్షరములకు తగ్గకూడదు, 63 వరకు ఉండవచ్చును. ఒకదానితోనొకటి సంబంధము లేని నాలుగైదు మాటలు చేర్చండి: ఒక వంటసామాను, ఒక పక్షి, ఒక ఊరు, ఒక పంట. తలచుకొనుట సుళువు, ఊహించుట కష్టము.

మన విశ్వాసులకు ప్రత్యేకముగా ఒక మాట. యేసు నామమునకు మూడు ఏడులు చేర్చుట, యోహాను 3:16ను అంకెలుగా పెట్టుట, సంఘము పేరు పెట్టుట మనకు అలవాటు. భక్తి మంచిదే. అయితే మిమ్మునెరిగిన ఎవడైనను మొదట ప్రయత్నించునది అదే. వాక్యమును హృదయములో దాచుకొందము, తాళముగా వాడవద్దు. ఫోను నంబరు, బిడ్డల పేర్లు, పుట్టిన తేదీ కూడ అట్టివే.

రూటర్ లోపలి పేజీలో మూడు పనులు చేయించండి. ఆ పేజీ పాస్‌వర్డ్‌ను మార్చించండి. 2016లో మిరాయ్ అను చెడు ప్రోగ్రాము, కంపెనీవారు పెట్టిన పేర్లు పాస్‌వర్డ్‌లు సుమారు 60 జతలు చేతపట్టుకొని లోకమంతట కెమెరాలలోను రూటర్లలోను దూరెను. రెండవది, డబ్ల్యు.పి.ఎస్. అను సౌకర్యమును ఆపించండి. దాని పిన్ 8 అంకెలదైనను రెండు ముక్కలుగా సరిచూచునందున 11,000 ప్రయత్నములలోపు దొరికిపోవునని 2011లో బయటపడెను. మూడవది, రక్షణ పద్ధతి డబ్ల్యు.పి.ఎ.3 ఉంటే అది, లేనియెడల డబ్ల్యు.పి.ఎ.2 పెట్టించండి. వెప్ అను పాత పద్ధతి 2001లోనే ఛేదింపబడినది, దానిని వాడరాదు.

పాస్‌వర్డ్‌ను కాగితముపై వ్రాసియుంచుట తప్పా అని కొందరడుగుదురు. తప్పు కాదు. పొలము పాసుపుస్తకములు పెట్టు పెట్టెలో ఒక చిన్న నోటుబుక్కు ఉంచండి. అందులో వై-ఫై పాస్‌వర్డ్, లోపలి పేజీ పాస్‌వర్డ్, కనెక్షన్ నంబరు, కనెక్షన్ వారి ఫోను, మార్చిన తేదీ వ్రాయండి. గోడమీద వ్రాయవద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. బైబిలు మొదటి పుటలో కూడ వద్దు; బైబిలు గుడికి వచ్చును, బల్లమీద తెరచియుండును. నోటుబుక్కు ఎక్కడున్నదో ఇంటిలో ఇద్దరికైనను తెలియవలెను. ఒక్కనికే తెలిసినది వాడు దూరదేశమునకు వెళ్లిననాడు ఎవరికిని తెలియనిదగును.

నెలనెలా మార్చనక్కరలేదు. ఫోను పోయినప్పుడు, అద్దెకున్నవారు ఖాళీచేసినప్పుడు, మాట వీధిపాలైనప్పుడు తప్పక మార్చవలెను.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న. ఇవ్వకపోవుట పాపమా? హిజ్కియా రాజు బబులోను రాయబారులను ఆదరించెను. అది తప్పు కాదు. అయితే తన ఇంటిలోను రాజ్యములోను దాచినది ఏదియు లేకుండ సమస్తమును చూపించెను. యెషయా వచ్చి, వారు ఏమేమి చూచిరో ఆరా తీసెను. ఆతిథ్యమునకును అజాగ్రత్తకును మధ్యనున్న గడప అదే.

భయపెట్టుటకు వ్రాయుట లేదు. బ్యాంకు యాప్‌లు తమ సమాచారమును విడిగా రహస్యలిపిలో పంపును; ఒకడు మీ వై-ఫైలో చేరినంత మాత్రమున డబ్బు పోదు. అయితే ఇంటిలోని కెమెరా, టీవీ, రూటర్ లోపలి పేజీ వానికి చేరువగును. కనెక్షన్ మీ పేరున ఉన్నది. దాని ద్వారా ఎవడైన మోసము చేసిన యెడల విచారణ మొదట మీ గుమ్మమునకు వచ్చును.

అందుకు మంచి మార్గమున్నది. చాలా రూటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అని రెండవ పేరు పెట్టుకొనవచ్చును. అతిథికి నెట్టు దొరకును, ఇంటిలోని పరికరములు దొరకవు. పొరుగు బిడ్డకు పరీక్ష ఫలితము చూచుకొనవలెనా? ఆ పేరు తెరచి, పని అయినపిమ్మట మూయండి. అడిగినవానికి నీళ్లిచ్చుట ధర్మము. బావి గిలకను తాడుతో సహా అప్పగించుట ధర్మము కాదు. ఇంటి పాస్‌వర్డ్ మార్చినప్పుడు దాచక మెల్లగా చెప్పండి: "అబ్బాయితో మాట్లాడటానికి అందడం లేదమ్మా, అందుకే మార్చుకున్నాం. అవసరమైతే మా ఇంటికి రండి." న్యాయముగల పొరుగువారు ఈ మాటకు నొచ్చుకొనరు. నొచ్చుకొన్నను మీరు పాపము చేసినవారు కారు.

బిడ్డలయెడల కూడ ఇదే నియమము. పాస్‌వర్డ్ దాచుటచేత మాత్రమే బిడ్డను కాపాడలేము. రేపు వానికి వేరొకచోట దొరకును. ఎంతసేపు, ఏ గదిలో, దేనికొరకు అని ముందుగా కలిసి ఒప్పుకొని, ఆ ఒప్పందమునకు తల్లిదండ్రులును లోబడవలెను. ఎవరైన ఫోను చేసి నెట్టు ఆగిపోవును, ఓటీపీ చెప్పండి అనిన యెడల చెప్పవద్దని పెద్దలకును నేర్పండి. డబ్బు పోయిన యెడల ఆలస్యము చేయక 1930కు ఫోను చేయవలెను.

ఈ వారము కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత పదిహేను నిమిషములు కూర్చుండండి. పెట్టె అడుగు కాగితము చూడండి, నోటుబుక్కులో వ్రాయండి, ఇంట పెద్దకును బిడ్డలలో ఒకరికిని చూపండి. దూరముననున్న మీ కుమారుని, మీ కుమార్తెను ఆ రాత్రి పిలిచి, మార్చిన సంగతి చెప్పండి. వారి స్వరము మీ ఇంట ఆగక వినబడును గాక. మీ రాకపోకలను కాచు దేవుడు మీ గడపను కాచును గాక. ఆమేన్.