కోచ్ నోటిదురుసు – రిఫరీ ధర్మము

మునగాల, కోదాడ, సూర్యాపేట ప్రాంతముల పాఠశాలల నడుమ జరుగు క్రీడాపోటీలలో ఈల పట్టి కోర్టులో నిలుచు రిఫరీయును, గీత వెలుపల నిలిచి తన పిల్లలకు కేకలు వేయు కోచును తరచుగా ఒకే వృత్తికి చెందిన వ్యాయామోపాధ్యాయులు. నేడు తీర్పరియైనవాడు రేపు మరియొక బడి జట్టుకు కోచై వచ్చును. ఈ పరిచయమే బాస్కెట్‌బాల్ ఆటకు చిక్కు తెచ్చిపెట్టుచున్నది. "కళ్ళు కనపడట్లేదా సార్?" అని మొదలైన మాట కొంతసేపటికి "ఎవరికి అమ్ముడుపోయావ్?" అను దూషణగా ముదిరినను, రేపు మొగములు చూచుకొనవలసినవారము గదా యని రిఫరీ విననట్లు నటించును. ఈ మొగమోటమును ఔదార్యమని మెచ్చుకొనుట మన అలవాటు. నిజమునకు ఇది కర్తవ్యలోపము.

నిజాము ఏలుబడి కాలమున మునగాల పరగణా, నలువైపుల హైదరాబాదు రాజ్యము ఆవరించియున్నను, మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినదై, తన యెల్లలోపల వేరొక చట్టమునకు లోబడియుండెను. ఆట సాగునంతసేపు కోర్టును అట్టిదే. వెలుపలి స్నేహములు, హోదాలు, సీనియారిటీలు అచ్చట చెల్లవు.

ఆ చట్టము కఠినమైనదా యనిన, కాదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ననుసరించి, దురుసుగా ప్రవర్తించిన కోచ్ పేరిట టెక్నికల్ ఫౌల్ నమోదగును. ఎదుటి జట్టునకు ఒక్క ఫ్రీ త్రో లభించును. ఆపై ఆట ఆగినచోటనుండియే సాగును. అది జట్టు ఫౌళ్ళ లెక్కలోనికి సైతము రాదు. అనగా మొదటి తప్పునకు చెల్లింపవలసినది మహా యైన ఒక్క పాయింటు. స్వయముగా రెండవమారు అట్లే ప్రవర్తించినచో, కోచ్ బెంచి విడిచి డ్రెస్సింగు గదికైనను ఆవరణ వెలుపలికైనను పోవలసియుండును. ఇంత స్వల్పమైన మొదటి శిక్షను సకాలమున విధించుటకు జంకి, తుదకు ఆట నిలిచిపోవు స్థితిని కొనితెచ్చుకొనుట యేమి వివేకము?

అయితే ప్రతి కేకయు దూషణ కాదు. "ఆ ఫౌల్ ఎవరిమీద సార్?" అని యడిగిన కోచ్‌నకు ఒక్క మాటలో సమాధానము చెప్పుట రిఫరీకి చిన్నతనము కాదు. నిర్ణయమును ప్రశ్నించుట వేరు, నిర్ణేత నిజాయితీని దూషించుట వేరు. మొదటిదానికి ఓర్పు, హద్దు సమీపించినపుడు ఒక హెచ్చరిక, హద్దు దాటినంతనే ఈల. ఈల ఊది గడియారము నాపించి, ఒక చేతి వ్రేళ్ళకొనలపై రెండవ అరచేతిని అడ్డముగా నుంచి 'టి' గుర్తు చూపి, స్కోరరు బల్లకు విషయము తెలిపి, బెంచి దరిదాపులనుండి తొలగిపోవలెను. స్కోరుషీటులో కోచ్ పేరు ప్రక్కన 'సి' అను అక్షరము పడినపిమ్మట వాదమునకు వాదము చెప్పుచు నిలుచువాడు తీర్పరి కాడు, కలహమున రెండవ పక్షమగును. కోచ్‌ను బహిష్కరించినచో స్కోరుషీటు వెనుక ఆ సంగతి వ్రాసి, నిర్వాహకులకు నివేదిక పంపుట నిబంధనలు కోరు పనియే.

పెద్దవారిని ఉపేక్షించిన ఫలమేమో అమెరికా చూచినది. ఇండియానా విశ్వవిద్యాలయపు కోచ్ బాబ్ నైట్ 1985 ఫిబ్రవరి 23న, పర్‌డ్యూ జట్టుతో ఆట జరుగుచుండగా, రిఫరీలపై కోపముతో కుర్చీ నెత్తి కోర్టులోనికి విసరివైచెను. ఆటనుండి వెడలగొట్టబడెను; పిమ్మట ఒక్క పోటీకి నిషేధము. మూడు జాతీయ విజేతృత్వములు గెలిపించిన ఘనత ఆయనకు కవచమైనది. ప్రవర్తన కారణముగ విశ్వవిద్యాలయము ఆయనను తొలగించునప్పటికి 2000 సంవత్సరము వచ్చినది.

గ్రామీణ రిఫరీలు తప్పులు చేయుదురు, వారికి తగిన శిక్షణ లేదు, కోచ్ కడుపుమంట సహజమే గదా యని కొందరందురు. శిక్షణ చాలదనుట నిజమే కావచ్చును. దానికి విరుగుడు శిక్షణ నిచ్చుటయే గాని తిట్టు కాదు. స్కోరు లెక్కలో, గడియారములో సవరింపని పొరపాటు వలన జట్టునకు నష్టము వాటిల్లినచో, ఆట ముగిసిన 15 నిమిషముల లోపల కెప్టెన్ రిఫరీకి తెలిపి అభ్యంతరము నమోదు చేయు మార్గము నిబంధనలలోనే కలదు.

కావున భారమంతయు ఈల పట్టినవానిపైననే వేయరాదు. టోర్నమెంటు నిర్వాహకులు తొలినాటి ఉదయమే కోచ్‌లను పిలిచి, దూషణను సహింపబోమని స్పష్టముగా చెప్పవలెను. టెక్నికల్ ఫౌల్ ఇచ్చిన రిఫరీని మరుసటి పోటీకి పిలువక తప్పించు దుస్సంప్రదాయమును మానవలెను. అందిన నివేదికలపై చర్య తీసికొని, దానిని పాఠశాలలకు తెలియజేయవలెను. బెంచిమీద కూర్చున్న పదునాలుగేండ్ల పిల్లవాడు తన గురువునుండి షాట్ వేయుటను మాత్రమే నేర్చుకొనడు. ఓడునపుడు ఎట్లు మాటలాడవలెనో కూడ అచ్చటనే నేర్చుకొనును. ఆ రెండవ పాఠము చెడకుండ కాపాడుటకే రిఫరీ చేతికి ఈల ఇచ్చితిమి; దాని నూదినవానికి మనము అండగా నిలువవలెను.