ఆ ఏడాది కొవ్వొత్తి ఖరీదెంత?

ప్రేమ నవలల రచయిత్రి అనగానే లోకానికి బార్బరా కార్ట్‌లాండ్ గుర్తొస్తుంది. గులాబీ రంగు బట్టలు, పక్కన కుక్క, వేడినీళ్ళ సంచి, సోఫా మీద వాలి మధ్యాహ్నం పూట సెక్రటరీకి నవల చెప్పుకుంటూ పోవడం. ఒకే ఏడాది 23 నవలలు రాసి గిన్నిస్ పుస్తకానికెక్కిన మనిషి. ఆ బొమ్మ ఎంత గట్టిగా అతుక్కుపోయిందంటే, ఈ తరహా నవలకు కాస్త ఊహ, కావలసినంత తీరిక ఉంటే చాలునని విమర్శకులు కూడా నమ్మేశారు. అదే ఇంగ్లండులో, అదే కాలంలో, అదే తరహా కథలు రాసిన మరో ఆవిడ బల్ల మీదికి తొంగిచూస్తే ఆ నమ్మకం నిలవదు.

జార్జెట్ హేయర్ 1902లో వింబుల్డన్‌లో పుట్టింది. తమ్ముళ్ళలో ఒకడికి రక్తం గడ్డకట్టని జబ్బు. ఆ పిల్లవాడికి పొద్దుపోవడానికని పదిహేడేళ్ళ వయసులో అల్లిన కథే 1921లో ‘ది బ్లాక్ మాత్’గా అచ్చయింది. తర్వాత ఆమె పేరు రీజెన్సీ నవలలకు మారుపేరైంది. మూడో జార్జి రాజుకు మతి చలిస్తే 1811 నుంచి 1820 దాకా కొడుకు ఆయన బదులు ఏలాడు. ఆ కాలాన్నే రీజెన్సీ అంటారు. జేన్ ఆస్టెన్ నవలలు వెలువడిన రోజులవి. ఆస్టెన్ తన చుట్టూ ఉన్నదే రాసింది కనుక దేనినీ వెతుక్కోనక్కరలేదు. హేయర్ నూరేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

ఆ ప్రయాణం చీటీల మీద సాగింది. చదువుతుండగా తగిలిన ప్రతి ముక్కనూ రాసుకుని విషయాల వారీగా సర్దుకునేది: బట్టలు, టోపీలు, రంగులు, ఇంటి సామాను, దుకాణాలు, ధరలు. ఫలానా ఏడాది కొవ్వొత్తుల ఖరీదెంతో కూడా అందులో ఉండేది. తిండి, పింగాణీ సామానుకు సంబంధించిన మాటలకు, ముద్దు పిలుపులకు, ఎవరు ఎవరిని ఏమని సంబోధించాలన్న దానికి విడివిడి నోటుపుస్తకాలు. ఇంట్లో వెయ్యికి పైగా చారిత్రక గ్రంథాలు. వాటిలో పొడుం డబ్బీల చరిత్ర ఒకటి, దారి చూపే పలకల చరిత్ర ఒకటి. వాటర్లూ యుద్ధం మీద ‘యాన్ ఇన్ఫేమస్ ఆర్మీ’ (1937) రాసేటప్పుడు, వెల్లింగ్టన్ ప్రభువు మాటతీరు పట్టుకోవడానికి ఆయన స్వయంగా రాసిన ఉత్తరం ఒకటి కొనుక్కుంది. నవలలో ఆయన నోట పలికించిన ప్రతి మాటా నిజంగా ఆయన అన్నదో రాసిందో అని చెప్పుకుంది. అంత కూడబెట్టీ నవలలో తేదీ మాత్రం అరుదుగా తప్ప చెప్పదు. ఏ విందులోనో ఎవరో ఒక వార్త అనుకుంటారు, తెలిసిన పాఠకుడు అది ఏ ఏడో పట్టేస్తాడు. తెలియనివాడికి కథ ఎక్కడా ఆగదు. పరిశోధన చేసిన రచయిత దాన్ని పాఠకుడికి వడ్డించకుండా ఉండడం ఎంత కష్టమో, మన చారిత్రక నవలలు చదివేవాళ్ళకు వేరే చెప్పాలా?

భర్త రొనాల్డ్ రౌజియర్ గనుల ఇంజనీరు. ఆయన వెంట టాంగన్యీకా వెళ్ళి అడవిలో ఏనుగుగడ్డితో కట్టిన గుడిసెలో కాపురం పెట్టింది. ఎదుట ఆఫ్రికా ఉండగా ఆమె అక్కడ రాసిన ‘ది మాస్కరేడర్స్’ కథ 1745 నాటి ఇంగ్లండుది! అడవిలో తన పుస్తకాలన్నీ లేవు. అయినా తప్పులు ఏరేవాళ్ళకు దొరికింది ఒకే ఒక్కటి: వైట్స్ క్లబ్బును అసలుకన్నా ఒక ఏడాది ముందే తెరిచినట్టు రాసింది. 1942 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఇల్లు లండన్ పికడిల్లీలోని ఆల్బనీ. రీజెన్సీ నాటి కవి బైరన్ ఉన్న భవనమే అది. గుమ్మం దిగితే 1797 నుంచి నడుస్తున్న హ్యాచర్డ్స్ పుస్తకాల షాపు, నాలుగడుగులు వేస్తే సెయింట్ జేమ్స్ వీధిలో ఆ వైట్స్ క్లబ్బు. తను రాసే వీధులే తను కూరగాయలకు వెళ్ళే వీధులన్నమాట.

పనిగట్టుకుని తిరిగింది వేరే పుస్తకం కోసం. అయిదో హెన్రీ తమ్ముడు, బెడ్ఫర్డ్ ప్రభువు జాన్ మీద మూడు సంపుటాల నవల రాయాలని ఆమె జీవితాశయం. దానికోసం స్కాట్లండ్ సరిహద్దుల్లోనూ ఫ్రాన్సులోనూ కోటలూ మఠాలూ చూసింది, గొప్ప ఇళ్ళ వంశవృక్షాలు తన చేత్తో గీసుకుంది, ఆ నలభై ఏళ్ళ చరిత్రనూ రోజువారీగా కార్డులకెక్కించింది. నవల మాత్రం పూర్తి కాలేదు. పన్ను కట్టడానికి డబ్బు కావాలి, పాఠకులకు కొత్త రీజెన్సీ నవల కావాలి. ఏడాదికేడాది జాన్ ప్రభువు అటకెక్కాడు. 1974లో ఆమె పోయాక, రాసినంతవరకు ‘మై లార్డ్ జాన్’ పేరుతో 1975లో వచ్చింది. అందులో కోటలున్నాయి, కవచాలున్నాయి, ఊపిరి ఆడదు. ఇంట్లో కూర్చుని ఇంటి ఖర్చు కోసం రాసిన ప్రేమకథలే ఈనాటికీ అమ్ముడుపోతున్నాయి.

ఆ ఖర్చు చిన్నది కాదు. తండ్రి హఠాత్తుగా పోయాక తమ్ముళ్ళ బాధ్యత ఆమె మీద పడింది. భర్త గనుల ఉద్యోగం మానేశాక, ఆటసామాను దుకాణం నడిపి, తర్వాత లా చదివి బారిస్టరయ్యే దాకా ఇల్లు నడిచింది ఆమె కలం మీదే. ఏడాదికొక ప్రేమకథ, ఒక హత్య కథ. హత్య ఎలా జరిగిందో చాలాసార్లు ఆయన చెప్పేవాడు, మనుషుల్ని ఆమె బతికించేది. ఇంటర్వ్యూలకూ సభలకూ మాత్రం దూరం. 1926లో ‘దీజ్ ఓల్డ్ షేడ్స్’ సార్వత్రిక సమ్మె రోజుల్లో వచ్చింది. ప్రకటన లేదు, సమీక్ష లేదు, అయినా 1,90,000 ప్రతులు పోయాయి. ఇక నా మొహం చూపించడం దేనికని ఊరుకుంది. పెళ్ళయ్యాక ఆమె ఇంటిపేరేమిటో చాలామంది అభిమానులకు ఆమె పోయాకగానీ తెలియలేదు. ఫొటో వేసుకోని మన మల్లాది వెంకటకృష్ణమూర్తి ఇక్కడ గుర్తుకు రావడం సహజం.

ఇంత కచ్చితమైన మనిషి చూపులో పెద్ద చీకటి కూడా ఉంది. ‘ది గ్రాండ్ సోఫీ’లో యూదు వడ్డీవ్యాపారిని ఎంత హీనంగా చిత్రించిందో చదివితే ఒళ్ళు మండుతుంది. ఆ నవల వచ్చింది 1950లో, నాజీ శిబిరాల సంగతి లోకమంతటికీ తెలిశాక. ఆమె ప్రభువులకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా ఆ నవలలు అడగవు. ‘రీజెన్సీ బక్’ (1935) నాయిక దర్జాగా పొడుం పీలుస్తుంది. ఆ కాలపు లండన్ దుకాణాల్లో మచిలీపట్నం పేరుతోనే ఒక రకం పొడుం అమ్మేవారు. డబ్బీ మూత మీది నగిషీకి దొరికిన చోటు, బందరు రేవు నుంచి ఓడెక్కిన సరుకు వెనకున్న మనుషులకు దొరకలేదు. చీటీలు ఎన్ని ఉన్నా, ఏ చీటీ రాసుకోవాలన్నది రచయిత నిర్ణయమే కదా!

ఇన్ని తెలిసి తప్పుపట్టగలుగుతున్నామంటే ఆ నోటుపుస్తకాలను ఎవరో దాచి, ఎవరో చదివి, జీవితచరిత్రలు రాయబట్టే. మన దగ్గర? 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ గురించి అర్ధశతాబ్దంగా మాట్లాడుతూనే ఉన్నాం. ఆరడుగుల హీరో, పడవంత కారు అని ఎగతాళి చేశాం, లేదా దాని మీద తీసిన సినిమా ఎన్నాళ్ళాడిందో చెప్పుకున్నాం. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన అమ్మాయికి పెద్ద కంపెనీ ఆఫీసుగది లోపలి సంగతులు ఎలా తెలిశాయి, ఎవరినడిగారు, నెల నెలా గడువుల మధ్య వంటా ఇల్లూ చూసుకుంటూ ఏ వేళ కూర్చుని రాసేవారు, ఇవి అడిగినవాళ్ళు ఎందరు? 2018లో ఆమె కాలిఫోర్నియాలో కన్నుమూశారు. అప్పుడు వచ్చిన నివాళుల్లోనూ ఎక్కువ భాగం సినిమాల జాబితాలే.

ఆ తరం రచయిత్రుల్లో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. వచ్చే సంచికల్లో వారి పని గురించి కొన్ని పేజీలు కేటాయించాలని ఉంది. ఇంట్లో అమ్మవో అమ్మమ్మవో నోటుపుస్తకాలు, సంపాదకులు రాసిన ఉత్తరాలు, ఊరెళ్ళినప్పుడు రాసుకున్న కాగితాలు ఉంటే వాటి నకళ్ళు పంపండి. అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి. నవల చిత్తుప్రతి దొరక్కపోయినా ఫరవాలేదు. పాలపద్దు వెనక పేజీలో రాసుకున్న నాలుగు ముక్కలున్నా మాకు కావాలి.