నలుపు చూసి కొనకండి

సైకిల్ కొనేముందు పదిమందిని అడుగుతాం. కూలింగ్ గ్లాసెస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అద్దంలో చూసుకుని 'బాగున్నాయా, లేదా' అన్నదొక్కటే ఆలోచిస్తాం. నేనూ అంతే. ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు నల్లటి జత కొన్నా. వేసవంతా అవి పెట్టుకునే మధ్యాహ్నం ఎండలో కోచింగ్‌కి సైకిల్ తొక్కా. తర్వాతెప్పుడో కళ్లద్దాల షాపులో మీటర్ మీద పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. అవి వెలుతురును ఆపుతున్నాయి గానీ, అతినీలలోహిత కిరణాలను వదిలేస్తున్నాయి!

ఇలాంటివి పెట్టుకోవడం కంటే మానేయడమే నయం. కళ్ల ముందు చీకటైతే కంటిపాప విచ్చుకుంటుంది. ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికెళ్తాయి. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే శుక్లాల ముప్పు పెరుగుతుంది.

అందుకే ముందు అడగాల్సింది 'యూవీ 400' ఉందా అని. అంటే 400 నానోమీటర్ల వరకు కిరణాలను అడ్డుకోవాలి. స్టిక్కర్ ఎవరైనా అంటిస్తారు, మీటర్ మీద చూపించమనండి. అద్దం పాలికార్బొనేట్‌దైతే మంచిది. లారీ టైరు కింది రాయి ఎగిరొచ్చి తగిలినా గాజులా ముక్కలవ్వదు. కళ్ల పక్కలను కూడా కప్పే ఆకారమైతే దుమ్ము, సాయంత్రం పురుగుల బెడద తగ్గుతుంది.

మరి నలుపు ఎంతుండాలి? మండే ఎండకు మూడో కేటగిరీ చాలు. ఇది 8 నుంచి 18 శాతం వెలుతురునే లోపలికి రానిస్తుంది. నాలుగో కేటగిరీ రోడ్డు మీద వద్దు. తెల్లవారుజామున, పొద్దుగూకాక రంగులేని అద్దాలే వాడాలి. లేదంటే ముందున్న గుంత కనిపించదు. పోలరైజ్డ్ తప్పనిసరేం కాదు. మెరుపు తగ్గిస్తుంది నిజమే, కానీ కొన్ని ఫోన్లలో మ్యాప్ సరిగా కనిపించదు. రోడ్డు మీద తడి కూడా ఒక్కోసారి తెలియదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. సంతోషమే. కానీ రోజూ కాలేజీకి సైకిల్ మీద వెళ్లేవాళ్లకు, సైకిల్ మీదే ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్లకు నెత్తిన ఏ కప్పూ లేదు. ఫుట్‌పాత్ అద్దాలు కొనేదీ ఎక్కువగా వాళ్లే. టీషర్టు, బ్యాగు ఉండాల్సిందేనని పట్టుబట్టే కంపెనీలు ఒక మంచి కళ్లద్దాల జత కూడా ఇవ్వాలి. అది అలంకారం కాదు, హెల్మెట్ లాంటిదే.

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. ఇంట్లో ఉన్న జతను ఈ ఆదివారం షాపుకి తీసుకెళ్లి మీటర్ మీద చూపించండి. నిమిషం పని.