సీతాఫలం కన్ను

పోయిన దసరాకు ముందు వనపర్తి సంతలో ఒక తట్టెడు సీతాఫలాలు కొని, యింట్లో బియ్యం డబ్బాలో మాగవేశాము. పిల్లలు గంటకొకసారి మూత తీయడమూ, మా ఆవిడ కసరడమూ మామూలే. నాలుగోనాటికి సగం చక్కగా పండాయి. తక్కిన సగం నల్లబడి బిగుసుకుపోయాయి.

మరుసటి సంతలో అమ్మినామెనే అడిగాను: "కన్ను తెరవని కాయలు తెంపితే యెట్లమ్మా?"

"నాకు తెల్వదా సారూ! గుట్టమీది చెట్టు యెవరి సొంతం? నేనియ్యాల ఇడిసిపెడితే రేపు ఇంకొకరు తెంపుకపోతరు" అన్నది.

"ఓర్చినమ్మకు తేటనీరు" అని తరగతిలో పాఠం చెప్పేవాణ్ణి. ఓర్చుకోవడానికైనా సొంత చెట్టొకటి వుండాలని ఆ రోజున తెలిసింది.

కన్నంటే కాయమీది బుడిపెల నడుమ సందు. ఆ సందులు వెడల్పై మీగడరంగు తేలితేనే కాయ పక్వానికి వచ్చినట్టు. అంతకుముందు కోస్తే యెంత మాగవేసినా సరిగా పండదు.

పేరు సీతమ్మదే అయినా యీ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. ఇప్పుడు నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాదు గుట్టల్లో తనంత తానే పెరుగుతున్నది. పొరుగున మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరిట వున్న రకాన్ని యితర రాష్ట్రాల తోటల్లోనూ పెంచుతున్నారు.

పెరడున్న వారెవరైనా పెంచవచ్చు. గరపనేలైనా ఫరవాలేదు, మొదట్లో నీరు మాత్రం నిలవకూడదు. మొక్కకూ మొక్కకూ 15 అడుగుల యెడం చాలు. గింజ నాటితే 3, 4 యేళ్ళకు కాపు. అంటుమొక్క యింకా ముందే కాస్తుంది. పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమై, పుప్పొడి తరువాత రాలుతుంది. అందుకే పూత విరివిగా వున్నా పిందె తక్కువ. బాగా విచ్చిన పువ్వు పుప్పొడిని మెత్తని కుంచెతో అరవిచ్చిన పువ్వుకు అద్దితే పిందె బాగా నిలుస్తుంది.

ఇల్లాళ్ళకు ఒక మాట. గుజ్జును పొయ్యిమీద మరిగిస్తే చేదెక్కుతుంది. పాలు కాచి, చల్లారిన తరువాతే కలపండి.

మరొక మాట మరీ ముఖ్యం. పేలు పోతాయని గింజల పొడి తలకు పట్టించే అలవాటు యింకా వున్నది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డుమీది పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది. పొరపాటున పడితే వెంటనే ధారాళంగా మంచినీళ్ళతో కడిగి, కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. పేలకు దువ్వెన వున్నది. కంటికి బదులు కన్ను లేదు.

మొన్న గింజలతో లేపిన మొక్కల్లో ఒకటి ఆ తట్ట ఆమెకు యిచ్చాను. "ఇంటి ముంగల పెడత సారూ" అన్నది. మూడేళ్ళు ఆగాలి. ఆ చెట్టు కాయ కన్ను తెరిచేదాకా ఆమె తొందరపడనక్కరలేదు.