కార్లంటే మాకూ ప్రాణమే, అయినా ఆ షెడ్డు కూల్చవద్దు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. కాఫీ పక్కన పెట్టుకుని నిదానంగా చదవండి.

వచ్చే జనరల్ బాడీలో ఒక తీర్మానం వస్తుంది. మన కల్యాణ మండపం వెనక ఉన్న రేకుల షెడ్డు తీసేసి కార్ పార్కింగు చేయాలని. ఆ షెడ్డులోనే ఆదివారం పొద్దున పిల్లలకు తెలుగు క్లాసు నడుస్తుంది. ఈ తీర్మానం వద్దు అన్నది మా అభిప్రాయం. కారణాలు చెప్పే ముందు మా సంగతి కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే "కార్ల గురించి తెలియనివాళ్ళు ఇట్లాగే మాట్లాడతారు" అనేస్తారు.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైర్ అయినవాళ్ళం. చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సినిమా పోస్టర్లు, గూడూరు లైనులో స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవే. కానీ కార్లను మాత్రం చిన్నప్పటినుంచీ శబ్దం వింటేనే ఏదో చెప్పేవాళ్ళం. షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద పందేలు జరిగే రోజుల్లో మద్రాసు కుర్రవాళ్ళందరికీ ఉన్న పిచ్చే మాకూ ఉండేది. ఇప్పటికీ వీధిలో పాత హెరాల్డ్ పోతే నిలబడి చూస్తాం.

మన మద్రాసుకు కార్లు కొత్త కాదు. 1948లో మొదలైన అశోక్ మోటార్స్ ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించింది. ఆ కంపెనీయే 1955లో అశోక్ లేలాండ్ అయి లారీలు, బస్సుల వైపు తిరిగింది. వండలూరు పక్కన స్టాండర్డ్ ఫ్యాక్టరీ ఉండేది. 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చింది. బానెట్టు ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా లేచేది. మెకానిక్కు నిలబడి పని చేసుకోవచ్చు. సన్న వీధిలో కూడా చటుక్కున తిరిగిపోయేది. మన ఊరి వీధులకు అంత సరిపోయిన కారు మళ్ళీ రాలేదని మా అభిప్రాయం. అంబాసిడర్ అభిమానులు కోప్పడితే కోప్పడనీ.

అదే కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తెచ్చింది. బాడీ ఇంగ్లండు రోవరుది, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. లోపల ఇంజను మాత్రం పాత వాన్‌గార్డ్ కాలందే. ధర ఎక్కువ, పెట్రోలు తాగడం ఎక్కువ. పక్కనే 1983 డిసెంబరులో వచ్చిన చిన్న మారుతి 800 దేశమంతా పరిగెత్తుతోంది. మూడు నాలుగేళ్ళలోనే స్టాండర్డ్ కథ ముగిసింది. పైకి గొప్పగా కనబడాలని లోపలిదాన్ని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. షెడ్డు సంగతి దగ్గరికి వచ్చాక ఇది మళ్ళీ గుర్తుకొస్తుంది.

ఆ తర్వాత ఫోర్డ్ మరైమలై నగర్‌కు వచ్చింది, హ్యుందాయ్ శ్రీపెరుంబుదూరు పక్క ఇరుంగాట్టుకోట్టైకి వచ్చింది. 1998లో శాంత్రో, 1999లో ఐకాన్. శాంత్రో మొదట చూసినప్పుడు "ఇదేం కారు, నెత్తిన గంప పెట్టుకున్నట్టుంది" అని నవ్వారు జనం. తలపాగా ఉన్నవాళ్ళు కూడా తల వంచకుండా కూర్చోగలిగే సరికి నవ్వడం మానేసి కొన్నారు. ఐకాన్ తోలడానికి ఎంతో బాగుండేది. అయినా ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది, 2022 జూలైలో మరైమలై నగర్‌లో ఆఖరి కారు బయటికి వచ్చింది. తోలేవాడికి నచ్చడం వేరు, బజారులో నిలబడడం వేరు.

ఇప్పుడు కార్ల దారి మన తెలుగు నేల వైపు కూడా తిరిగింది. తడ దాటగానే శ్రీసిటీలో ఇసుజు, పెనుకొండ దగ్గర కియా. 2019 నుంచి పెనుకొండ పేరు దేశమంతటికీ తెలిసింది. ఇక్కడ మన పిల్లలు కూడా ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు షిఫ్టు బస్సులు ఎక్కి పనికి పోతున్నారు. వాలాజాబాద్ స్టేషన్‌లో కొత్త కార్లు రైలెక్కడం చూస్తే మాకు ఇప్పటికీ పండగే. పాత ప్యాసింజర్ పెట్టెల్లో సీట్లు పీకేసి, కిటికీలు మూసేసి, కార్లు ఎక్కించే పెట్టెలుగా మార్చారు. రైల్వేలో వాటిని ఎన్.ఎం.జి. పెట్టెలంటారు. ఒకప్పుడు మనుషులు కూర్చున్న చోట ఇప్పుడు కార్లు కూర్చుంటాయి. రైలు పెట్టెకు అది మంచిదే, వయసైపోయిన పెట్టెకు ఇంకో బతుకు దొరికింది. కానీ పిల్లలు కూర్చునే గదికి కూడా అదే పని చేద్దామంటే ఎలా?

సినిమాల సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ళకు కారు మీద ఇంత మోజు రావడానికి సగం కారణం సినిమాయే. 1979లో డ్రైవర్ రాముడులో ఎన్టీ రామారావుగారు లారీ డ్రైవరు. 1985లో పడిక్కాదవన్‌లో రజనీకాంత్ టాక్సీ డ్రైవరు, ఆ టాక్సీ పేరు లక్ష్మి. 1995లో బాషాలో ఆటో. అప్పటి సినిమాల్లో బండి అంటే కూడు పెట్టేది. హీరో దానికి దణ్ణం పెట్టి స్టార్ట్ చేసేవాడు, ఆ సంపాదనతో తమ్ముళ్ళను చదివించేవాడు. తర్వాత 1999లో సమరసింహారెడ్డి ఆడింది, ఆ వరసలో ఫ్యాక్షన్ సినిమాలు వచ్చాయి, తెర నిండా తెల్ల టాటా సుమోలు. ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ రావడం, గాలిలో ఎగిరి పేలిపోవడం. టాటా మోటార్స్‌ను నిలబెట్టిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలతో ఆ బండికి సుమో అని పెట్టారు. అట్లాంటి ఇంజనీరు పేరుతో వచ్చిన బండి సినిమాల్లో పేలిపోవడానికే పుట్టినట్టయింది పాపం.

ఆ సుమోల వరస ఇప్పుడు మన పెళ్ళిళ్ళలోకి వచ్చింది. పెళ్ళికొడుకు వెనక ఎన్ని పెద్ద బండ్లు వచ్చాయి అన్నది లెక్క. పార్కింగు లేదని మన మండపం బుకింగులు తగ్గుతున్నాయనడం అబద్ధం కాదు. కమిటీవాళ్ళను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మండపం అద్దె వస్తేనే కదా పిల్లలకు స్కాలర్‌షిప్పులు. ఆ లెక్క మాకూ తెలుసు. అందుకే మేమూ ఒక లెక్క వేశాం.

షెడ్డు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఒక కారు నిలబెట్టి తలుపు తెరిచి దిగాలంటే 8 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు కావాలి. అంటే ఆ షెడ్డు మొత్తం కూల్చితే పట్టేది ఐదు కార్లు. మధ్యలో ఒకడు వంకరగా పెడితే నాలుగు. ఒక్కో కారులో ఐదుగురు వచ్చారనుకున్నా పాతిక మంది. మన మండపంలో పెళ్ళికి ఐదు వందల మంది వస్తారు. మిగిలిన నాలుగు వందల డెబ్భై అయిదు మంది కార్లు ఎక్కడ పెడతారు? ఈ ఐదు కార్ల చోటు వల్ల బుకింగులు పెరుగుతాయా? బయట వీధిలో అదే హారను, అదే గొడవ ఉంటుంది. లోపల తెలుగు క్లాసు మాత్రం ఉండదు.

పోనీ కార్లు చిన్నవవుతున్నాయా అంటే అదీ లేదు. మారుతి 800 పొడవు మూడున్నర మీటర్ల లోపే. 2006లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు కేంద్రం పన్ను తగ్గించింది. అప్పటినుంచి కంపెనీలు టేపు పట్టి కొలిచినట్టు నాలుగు మీటర్లకు ఒక వెంట్రుక తక్కువగా చేస్తున్నాయి. ఆ పైన పెద్దవి వేరే. రోడ్డు మాత్రం మన తాతల కాలంలో వేసిందే. కార్ల కోసం చోటు చేస్తూ పోతే ఈ ఊళ్ళో ఎంత చేసినా చాలదు. పాండీ బజారులో 2019లో కార్ల చోటు తగ్గించి నడిచేవాళ్ళకు వెడల్పాటి బాట వేశారు. జనం రావడం మానేశారా? పండగ ముందు ఒకసారి పోయి చూడండి, కాలు పెట్టడానికి సందు ఉండదు. బీచ్ నుంచి తాంబరానికి కరెంటు రైలు 1931లోనే వచ్చిన ఊరు ఇది. పెళ్ళికి రైల్లో, బస్సులో రావడం ఇక్కడ ఎప్పుడూ చిన్నతనం కాలేదు. మన అమ్మమ్మలు పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని ఎలక్ట్రిక్ రైల్లోనే వచ్చేవారు.

మనవాళ్ళలో బండ్ల పిచ్చి ఉన్న గొప్పవారి పేరు చెప్పమంటే మేము జి.డి. నాయుడుగారి పేరు చెబుతాం. కోయంబత్తూరు పక్కన కలంగల్‌లో మన తెలుగు కుటుంబంలో 1893లో పుట్టారు. పెద్దగా చదువుకోలేదు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి – పళని మధ్య తామే తోలారు. అదే పెరిగి పెద్ద బస్సు కంపెనీ అయింది. రెండు వేల రూపాయలకే ఇవ్వగలిగే చిన్న కారు తయారు చేశారు, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వక అది ఆగిపోయింది. ఆయన కుటుంబంవారి కార్ల మ్యూజియం ఇప్పుడు కోయంబత్తూరులో ఉంది, పోయినవాళ్ళు తప్పక చూడండి. కార్లంటే అంత ఇష్టం ఉన్న మనిషి, డబ్బు చేతికొచ్చాక 1945లో పాలిటెక్నిక్ పెట్టడానికి ముందుకొచ్చారు. పిల్లలకు పని నేర్పే చదువు కావాలన్నారు. మనం ఆయన ఫోటో మండపం హాల్లో పెట్టుకుని, దాని వెనకే క్లాసు గది కూల్చి కార్లు నిలబెడతామా?

ఇక అసలు భయం చెబుతాం. 2006 చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి సబ్జెక్టు అయింది. తమిళం నేర్వవద్దని మేము ఎన్నడూ అనం. మాకు అన్నం పెట్టింది ఆ భాషే, మా చదువంతా అందులోనే. కానీ బడిలో తెలుగుకు చోటు తగ్గిపోయింది. ఇంట్లో మాట్లాడే తెలుగు సగం తమిళం, సగం ఇంగ్లీషు. మా వయసువాళ్ళం పోస్టర్లు చూసి నేర్చుకున్నాం. ఇప్పుడు ఈ ఊళ్ళో తెలుగు పోస్టర్లు కూడా తక్కువే. అక్షరం నేర్చుకోవడానికి మన పిల్లలకు మిగిలింది ఆ రేకుల షెడ్డు, ఒక బోర్డు, జీతం లేకుండా వచ్చే ఒక టీచరమ్మ. అంతే.

వడపళనిలో వాహినీ స్టూడియో ఉండేది. పాతాళభైరవి, మాయాబజార్ తీసింది అక్కడే. తెలుగు సినిమా హైదరాబాదుకు పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది, దాని కింద కార్ల పార్కింగు ఉంది. అది వాళ్ళ సొంత ఆస్తి, కాలం మారింది, ఎవరినీ ఏమీ అనలేం. కానీ మన షెడ్డు మన చేతిలో ఉంది. దాన్ని పార్కింగు చేస్తే కాలం చేసిందని చెప్పుకోలేం, మనం చేతులెత్తి చేసిందే అవుతుంది.

వద్దు అని చెప్పి ఊరుకోవడం సరి కాదు గనుక మా సూచనలు ఇవి. ఒకటి, ముహూర్తం రోజుల్లో పక్కనున్న ఏదైనా బడి గ్రౌండు అద్దెకు అడుగుదాం. ఆదివారం, సెలవు రోజు అది ఖాళీగానే ఉంటుంది. వచ్చే అద్దెలో కొంత వాళ్ళకు ఇద్దాం. రెండు, మండపం బుక్ చేసినవాళ్ళకు శుభలేఖలో దగ్గరి స్టేషన్ పేరు, బస్సు నంబర్లు వేయమని చెబుదాం, స్టేషన్ నుంచి పెద్దవాళ్ళ కోసం ఒక వ్యాన్ పెడదాం. మూడు, గేటు పక్కన రెండు కార్ల చోటు నడవలేని పెద్దలు దిగడానికి మాత్రమే ఉంచుదాం. నాలుగు, డబ్బు సమకూరితే స్తంభాలు లేపి కింద పార్కింగు, పైన క్లాసు గది కట్టుదాం. దానికి మేము ముందు నిలబడి చందా ఇస్తాం. అయితే ఒక షరతు, పిల్లలు కూర్చోవడానికి ఇంకో గది తయారయ్యాకే షెడ్డు మీద చెయ్యి వేయాలి. "తర్వాత చూద్దాం" అన్న క్లాసు మళ్ళీ మొదలైనట్టు మేము ఎక్కడా చూడలేదు.

స్టాండర్డ్ 2000 సంగతి గుర్తుంది కదా. మండపం ముందు కార్లు నిలబడితే సంఘం గొప్పగానే కనబడుతుంది. లోపల ఇంజను ఆ ఆదివారం క్లాసే. అది ఆగితే మన సంఘం పేరులో తెలుగు అన్న మాట ఎందుకు?

మీటింగుకు తప్పక రండి, చెయ్యెత్తండి. మా మాట నచ్చకపోయినా ఇక్కడ రాయండి, కోపం లేదు. తెలుగు అక్షరాలు రానివాళ్ళు తమిళ అక్షరాల్లోనే తెలుగు రాయండి, మేము చదువుకుంటాం. మీ పిల్లలు మాత్రం తెలుగు అక్షరాల్లోనే జవాబు రాసే రోజు రావాలి.