ఖాళీ సమాధి దగ్గర మన లెక్కలు



ఈ ఏడు ఏప్రిల్ 5న, తెల్లవారుజామున నాలుగున్నరకు, ఎప్పటిలాగే మన సమాధుల తోటలో చేరినాము. పున్నమి పోయి మూడు రోజులే కాబట్టి వెన్నెల ఇంకా ఉంది. కొవ్వొత్తులు గాలికి ఆరిపోతుంటే అరచేతులు అడ్డం పెట్టుకొని పాటలు పాడినాము. శుభ శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల ధ్యానానికి గుడి నిండిపోయి బయట షామియానా కింద కూడా కూర్చున్నారు. ఆదివారం వేకువన అందులో సగం మంది లేరు. కొందరు శనివారం రాత్రే బెంగుళూరు బస్సెక్కినారు. కొందరు నిద్ర లేవలేదు. వచ్చినవారిలో ఎక్కువమంది తల నెరసినవారే.

ప్రార్థన ముగిసినాక ఒక అవ్వ మా దగ్గరికి వచ్చి అడిగింది: "ఏమయ్యా, ఏటేటికీ తలకాయలు తగ్గిపోతాండాయే. మేము పోయినాక ఈడ కొవ్వొత్తి ముట్టించేదెవురు?"

ఆ క్షణాన ఏదో ఓదార్పు మాట చెప్పి పంపినాము. ఇంటికి వచ్చినాక ఆ మాట మమ్మల్ని వదలలేదు. అవ్వ అడిగింది మన ఊరి ప్రశ్న మాత్రమే కాదు. అందుకే ఈ వారం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

లోకమంతటా లెక్కలు తగ్గుతున్న మాట నిజమే. ఇంగ్లండు, వేల్సులలో 2021 జనాభా లెక్కల్లో తమను క్రైస్తవులమని రాయించుకున్నవారు 46.2 శాతం. పదేళ్ల ముందు అది 59.3 శాతం. మన బళ్లారికి 1810లో, కడపకు 1822లో లండన్ మిషన్ సేవకులు వచ్చింది ఆ దేశం నుంచే. మన అనంతపురం సీమ అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఈ మెట్ట పల్లెల్లో సువార్త వెలిగించిన దేశంలోనే ఇప్పుడు సగం కంటే తక్కువమంది ఆ పేరు చెప్పుకుంటున్నారు. ఈ వార్త వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా కొందరు "అంత్యదినాలు వచ్చేశాయి" అని రాసి పంపుతారు. మరి కొందరు "వాళ్లు చెడిపోయినారు, మనం బాగున్నాము" అని సంతోషపడతారు. ఈ రెండు మాటలూ మాకు సరిగా తోచవు. పక్కింటి దీపం ఆరిపోతే మన దీపంలో నూనె ఉందో లేదో చూసుకోవాలి గాని వాళ్లను చూసి నవ్వకూడదు.

మన రాష్ట్రం సంగతికి వద్దాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 లెక్కల ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం. 2001 నాటికి 1.55. 2011 నాటికి 1.34. ఈ అంకెలు చూస్తే నలభై ఏళ్లలో విశ్వాసం మూడో వంతుకు పడిపోయిందనిపిస్తుంది. కాని ఆ నలభై ఏళ్లలో మన పల్లెల్లో గుళ్లు మూతపడినాయా, కొత్తవి లేచినాయా? మీరే చెప్పండి.

ఇందులో దాపరికమేమీ లేదు, అందరికీ తెలిసిందే. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవుడయిన దళితునికి మాత్రం ఆ హోదా లేదు. మన రాష్ట్రంలో అతడు బి.సి. 'సి' వర్గంలోకి పోతాడు. అక్కడున్నది ఒక్క శాతం రిజర్వేషన్. హోదా కల్పించమని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి పంపింది. చట్టమైతే మారలేదు. మడకశిర ఎస్.సి. రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడ ఒక సర్టిఫికెట్టు అంటే బిడ్డకు హాస్టలు, ఫీజు, ఉద్యోగం. అందువల్ల గుడిలో ఒక పేరు, తహసీల్దారు ఆఫీసులో ఒక పేరు. కాగితం మీద ఒక మతం, కన్నీటి ప్రార్థనలో ఒక ప్రభువు.

2027 జనాభా లెక్కలకు మనుషులు మన గడపకు వస్తారు. ఈసారి కులం కూడా అడిగి రాసుకుంటారు. "అయ్యా, ఏమని చెప్పమంటావు?" అని ఇప్పటికే ముగ్గురు మమ్మల్ని అడిగినారు. సత్యం చెప్పమనడం మా పని, అదే చెప్పినాము. కాని ఆ మాట చెప్పేటప్పుడు మా గొంతు తడబడింది. నిజం చెప్పినందుకు ఆ తల్లి బిడ్డ చదువు ఆగిపోతే ఆ నష్టం మోసేది ఆమె, మేము కాదు. పేదవాణ్ని అబద్ధానికీ ఆకలికీ మధ్య నిలబెట్టిన నియమం మీద మాట్లాడకుండా, పేదవాడి మీదనే వేదిక ఎక్కి అరవడం కాపరి పని కాదు. అరిమతయి యోసేపు యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడైనవాడని యోహాను 19వ అధ్యాయంలో చదువుతాము. నీకొదేము మొదట రాత్రివేళ వచ్చినవాడు. పన్నెండుమంది చెదిరిపోయిన రోజున ప్రభువు దేహాన్ని అడిగి తెచ్చి సమాధి చేసింది ఆ దాగిన ఇద్దరే. రహస్య శిష్యుణ్ని ప్రభువు పారవేయలేదు. సమయం వచ్చినప్పుడు వాడికీ ధైర్యం ఇచ్చినాడు. కాబట్టి సర్టిఫికెట్టు పేరుతో సంఘంలో ఎవరినీ ఎవరూ తక్కువగా చూడవద్దు.

అయితే తగ్గింది కాగితం లెక్క మాత్రమే, విశ్వాసం నిండుగానే ఉందని చెప్పి చేతులు దులుపుకోలేము. తగ్గింది ఒకటుంది. అదెక్కడ తగ్గిందో ఒక పిల్లవాడు మాకు చూపించినాడు.

పోయినేడు మేమిద్దరమూ బెంగుళూరు పోయినాము. పీణ్యా దగ్గర ఒకే గదిలో మన వైపు పిల్లలు ఆరుగురు ఉంటున్నారు. ఆదివారాలు కూడా డ్యూటీలే. అమ్మగారు రాగిముద్ద చేసి పెడితే, ఊరిలో తిన్నట్టు ఉందని తిన్నారు. చాప పరుచుకొని ప్రార్థన చేసుకున్నాము. అందరూ కండ్లు మూసుకున్నారు గాని ఒకడు మూసుకోలేదు. అంతా అయిపోయినాక వాడు మెల్లగా అన్నాడు: "అయ్యా, కోప్పడకుంటే ఒక మాట. నాకు నమ్మకం పోయింది."

ఎందుకు నాయనా అని అడిగినాము. మీలో కొందరికి ఆ ఇంటి కథ తెలుసు. వాళ్ల నాయన వేరుశనగ పెట్టి వరుసగా నష్టపోయినాడు. అప్పు చేసి మూడు బోర్లు వేసినాడు. వెయ్యి అడుగులు పోయినా దుమ్మే లేచింది. ఒకరోజు పొలంలోనే మందు తాగి పోయినాడు. ఆ రోజు మన సంఘంలో పెద్ద చర్చ నడిచింది. ప్రాణం తీసుకున్నవాడికి గుడిలో ప్రార్థన చేయవచ్చునా, సమాధుల తోటలో చోటు ఇవ్వవచ్చునా అని. చివరకు గుడిలోకి తీసుకురాకుండానే, తోట చివర గోడ పక్కన పూడ్చినారు. ప్రార్థన రెండు నిమిషాల్లో ముగించింది మేమే. ఇతరుల మీదికి నెట్టడానికి లేదు.

పిల్లవాడు అడిగినాడు: "ఈస్టర్‌కు మీరు అన్ని సమాధుల దగ్గరా కొవ్వొత్తులు పెట్టించినారు. గోడ దగ్గరికి ఎవురూ రాలేదు. లేచిన దేవుడు మా నాయన దగ్గరికి మాత్రం రాడా అయ్యా?"

మా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా పునరుత్థానం గురించి ప్రసంగించిన నోరు ఆ గదిలో మూతపడిపోయింది.

ప్రియులారా, విశ్వాసం తగ్గిపోయేది ఇట్లాంటి చోట్ల. టీవీ వల్ల, ఫోను వల్ల, పట్నం వల్ల అని మనం చెప్పుకుంటాము. అవి కొంత నిజమే. కాని దుఃఖంలో ఉన్న ఇంటి గడప దగ్గర సంఘం వెనక్కి తగ్గిన రోజున ఆ ఇంటి పిల్లల గుండెలో రాయి పడుతుంది. తర్వాత మనం ఎన్ని మైకులు పెట్టినా ఆ రాయి దొర్లదు.

శుక్రవారం గుడి నిండి, ఆదివారం సగమవడంలో కూడా ఒక సంగతి ఉంది. సిలువ దగ్గర ఏడవడం మనకు తెలుసు, ఎందుకంటే మన బతుకులే అట్లా ఉన్నాయి. కాని పునరుత్థానం ఏడ్చి ఊరుకోనివ్వదు. మరణం గెలిచినట్టు కనిపించే చోటికి పోయి నిలబడమంటుంది. అది కష్టం. మొదటి ఈస్టర్ రోజున కూడా ఎవరూ హల్లెలూయ అంటూ పరుగెత్తలేదు. స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని మార్కు రాసినాడు. వాళ్ల మాటలు అపొస్తలులకు వెర్రిమాటల్లా తోచినాయని లూకా రాసినాడు. గలిలయ కొండ మీద ప్రభువును చూసి మొక్కినవారిలో కూడా కొందరు సందేహించినారని మత్తయి దాచలేదు. మన సంఘమంతా పుట్టింది ఆ సందేహంలోనుంచే. ఆ రోజున ఎవరైనా తలలు లెక్కపెట్టి ఉంటే యేసు పని అయిపోయిందనే రాసి ఉండేవారు.

ప్రభువు ఏమి చేసినాడు? నమ్మకం పోయి యెరూషలేము విడిచి ఎమ్మాయుకు పోతున్న ఇద్దరితో కలిసి నడిచినాడు. అడ్డం నిలబడి వెనక్కి రమ్మనలేదు. ముందు వాళ్ల బాధ వినినాడు. బెంగుళూరు బస్సెక్కిన మన పిల్లలు మనకు దూరమయ్యారేమో గాని, ఆ బస్సులో ప్రభువుకు సీటు లేదని మనం అనుకోకూడదు.

మన సీమలో పట్టుపురుగులు పెంచే ఇళ్లవారికి ఒక మాట బాగా అర్థమవుతుంది. నాలుగు జ్వరాలు దాటిన పురుగు చంద్రికకెక్కి గూడు కట్టుకుంటుంది. హిందూపురం మార్కెట్‌లో తూటు లేని గూటికే ధర. లోపలి పురుగు రెక్కలతో బయటికి వస్తే గూడు చిరిగి దారం తెగిపోతుంది. అందుకే ముందే ఆవిరి పెట్టి చంపుతారు. కాని అన్ని గూళ్లకూ అట్లే చేస్తే వచ్చే పంటకు గుడ్లు ఎక్కడివి? విత్తనానికని కొన్ని గూళ్లు విడిగా ఉంచుతారు. వాటికి తూటు పడుతుంది, పట్టు పోతుంది. రైతుకు వచ్చే పంట అంతా ఆ చిరిగిన గూళ్లలోనుంచే వస్తుంది. ఖాళీ సమాధి అట్లాంటిది. లోకం సంతలో దానికి ధర లేదు. లెక్కకు నిండుగా కనిపించే సంఘం కావాలా, విత్తనం దాచిన సంఘం కావాలా అన్నది మనం తేల్చుకోవాలి.

ఒంగోలు ప్రాంతంలో 1876 - 78 నాటి గొప్ప కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించినాడు. ఆ కరువు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వనన్నాడు. కూటి కోసం ప్రభువు పేరు చెప్పే స్థితి ఎవరికీ రాకూడదని ఆయన ఆలోచన. పనులు ముగిసినాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాము. దానికి ముందు లెక్క సున్నాగా ఉన్నా భయపడని కాలాన్ని మరిచిపోతాము. మేము మెచ్చుకునేది ఆ సున్నాను.

కొందరు పెద్దలు మాతో అంటారు: "ఇట్లా అందరినీ వెనకేసుకొస్తే సంఘంలో భయభక్తులు ఉండవయ్యా." వారి మాటలో ప్రేమ ఉందని మాకు తెలుసు. అయినా, మూడుసార్లు ఎరుగనన్న పేతురుకు ప్రభువు మొదట ఒడ్డున నిప్పులు వేసి చేపలు కాల్చి పెట్టినాడు. ప్రశ్న ఆ తర్వాత అడిగినాడు. మేము ఆ వరస తప్పినాము. ప్రశ్న ముందు అడిగి, కూడు పెట్టడం మరిచినాము.

అందుకే పెద్దలతో కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నాము. ఇకమీదట ఎట్లా పోయినవారైనా సరే, మన విశ్వాసి దేహం గుడిలోకే వస్తుంది, నిండు ప్రార్థనతో, అందరి వరుసలోనే సమాధి అవుతుంది. తీర్పు దేవునిది. రెండు నెలలకొకసారి మేము బెంగుళూరు గదులకు వస్తాము. వచ్చే ఆదివారం తోమా గురించిన పాఠం. ఆ సాయంత్రం యువకులు ఏ ప్రశ్న అడిగినా ఎవరూ గదమాయించరు. అప్పుల్లో మునిగి ఊపిరాడని అన్నలారా, రాత్రి ఎన్ని గంటలైనా మా తలుపు తట్టండి. మా దగ్గర డబ్బు లేదు, కాని మీ పక్కన కూర్చునే ఓపిక ఉంది. బ్యాంకుకైనా, ఆసుపత్రికైనా మీతో వస్తాము.

ఈ ఈస్టర్ వేకువన, అవ్వ అడగడానికి కొంచెం ముందు, మేము ఒక కొవ్వొత్తి తీసుకొని గోడ పక్కకు పోయినాము. ఆ తల్లి అప్పటికే అక్కడ ఒక్కతే కూర్చుని ఉంది. మా వెనక ఇద్దరు ముగ్గురు పెద్దలు వచ్చినారు. క్షమించమ్మా అని అడిగినాము. ఆమె ఏమీ అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. ఆ పిల్లవాడు పండక్కి రాలేదు. డ్యూటీ ఉందన్నాడు. మళ్లీ నమ్ముతాడో లేదో మాకు తెలియదు. ఆ పని ప్రభువుది.

అవ్వా, నీ ప్రశ్నకు మా జవాబు ఇది. మీ తర్వాత కొవ్వొత్తి ముట్టించేదెవరో మేము చెప్పలేము. కాని ఇంతకాలం ముట్టించని చోట ముందు ముట్టిద్దాము. చీకట్లో దూరం నుంచి చూసేవాడు ఎవడైనా ఉంటే, వాడికి మొదట కనబడేది ఆ వెలుగే.

సమాధి రాయిని దొర్లించిన దేవుడు మన గుండెల మీది రాళ్లను కూడా దొర్లించును గాక. ఆమేన్.