నేల అడుగుకు ముందు నేల మీది మాట

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పటి నుంచి మాదాపూర్ గుట్టల మీద లేచిన మేడలన్నీ సిమెంటుతో నిలిచాయి, చాలామటుకు బొగ్గు కరెంటుతో వెలిగాయి. వాటి వెనకున్న పొగ మాత్రం రామగుండం బొగ్గు ప్లాంటులో, మేళ్లచెరువు సిమెంటు బట్టీల్లో లేస్తుంది. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి భూగర్భంలో దాచాలన్న ఆలోచన 2022 నాటి నీతి ఆయోగ్ నివేదికలో ఉంది. ఎవరి నేల కింద దాచాలనుకుంటున్నారో ఆ ఊళ్లలో మాత్రం దాని ప్రస్తావనే లేదు. ఆ ప్రస్తావన తేవడానికే ఈ ఉద్యమం పుడుతోంది.

1. ఇలా వాయువును పట్టి దాచే కార్బన్ క్యాప్చర్ అవసరమని నమ్ముతున్నాం. సిమెంటు తయారీలో వెలువడే ఈ వాయువులో సగానికి పైగా కాలే సున్నపురాయిదే. సౌర విద్యుత్తు ఎంత వచ్చినా అది ఆగదు. బొగ్గుకు వేరే దారులున్నాయి. ఈ పేరు చెప్పి పాత బొగ్గు ప్లాంట్ల ఆయుష్షు పెంచితే ఒప్పుకోం.

2. భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయం. కోనసీమకు భూగర్భ వాయువంటే 1995లో పాసర్లపూడిలో 65 రోజులు ఆరని మంట. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో పేలిన గ్యాస్ పైపులైను. అక్కడి ఖాళీ గ్యాస్ పొరల్లో దాస్తామంటే ఆ జ్ఞాపకం ప్రశ్నిస్తుంది, ప్రశ్నించాలి. జవాబు పూర్తిగా చెప్పాలి. బొగ్గుపులుసు వాయువు మండదు. కానీ గాలికన్నా బరువు. పైపు పగిలితే పల్లంలో చేరి ఊపిరి ఆపుతుంది. 2020లో అమెరికాలోని సటార్షియా ఊరివాళ్లు అలాగే ఆసుపత్రుల పాలయ్యారు. మొదటి మాట చెప్పి రెండోది దాచేవాళ్లు మాకు తోడు కాలేరు.

3. మన రాతిలో ఆశ ఉంది. హైదరాబాద్‌ది గ్రానైటు; వికారాబాద్ వైపు దక్కన్ బసాల్టు మొదలవుతుంది. ఐస్‌లాండ్‌లో 2012లో నీటిలో కరిగించి బసాల్టులోకి పంపిన వాయువు 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయైంది. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దక్కన్ రాతినీ ఈ దృష్టితో పరిశీలించారు. అయితే ఆ పద్ధతికి టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీరు కావాలి. బోరు ఎండిన రైతు ‘ఆ నీళ్లెక్కడివి?’ అంటే జవాబు ఉండి తీరాలి.

4. సమ్మతి ముందు, బోరు తర్వాత. నెదర్లాండ్స్‌లోని బారెండ్రెక్ట్ పట్టణం కింద వాయువు నిల్వ చేసే పథకాన్ని అక్కడి జనం ఎదిరించారు. 2010లో ప్రభుత్వమే విరమించుకుంది. నిర్ణయం అయ్యాక పంచే సమాచారం ప్రచారమే అవుతుంది.

మేం కోరే రేపటిలో భూగర్భ పటాలు తెలుగులో గ్రామసభ ముందుకు వస్తాయి. పీడనం రీడింగులు రోజూ ఊరివాళ్ల ఫోన్లలో కనిపిస్తాయి. లీకైతే బాధ్యత ఎవరిదో ముందే రాతపూర్వకంగా ఉంటుంది. దేశదేశాల బ్యాంకుల లెక్కలు మోస్తున్న మాదాపూర్‌కు ఇది చేతకాని పని కాదు. కోడు రాసేవారు, భూగర్భ శాస్త్రం చదివినవారు, తెలుగులో తేటగా చెప్పగలిగినవారు మాతో నడవండి. ముందుగా వికారాబాద్, కోనసీమ ఊళ్లలో కూర్చుని వాళ్ల ప్రశ్నలు రాసుకుంటాం. వాటికి జవాబు దొరికేదాకా ఏ పథకానికీ మా మద్దతు ఉండదు.